పక్క పేజీ మీద అరచెయ్యి

మొన్న ఒక పొద్దున నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటే మా కోడలు తన ఫోను తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది. ఎవరో బోరు బండి ఏజెంటు ఏదో గ్రూపులో లిస్టు ఒకటి పెట్టాడట, మన రామన్నపేట చుట్టుపక్కల ఊళ్లన్నీ అందులో ఉన్నాయట, ఏ చెల్కలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో అంతా రాసి ఉందట, ఎంత కష్టపడి తయారు చేశారో చూడండి అత్తమ్మా అని మురిసిపోతోంది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఇది ఎన్నో చేతులు మారి వచ్చిందని ఫోనే పైన గుర్తు పెట్టి చూపిస్తోంది. వేలితో జరుపుకుంటూ పోతుంటే ఒకచోట, మధ్యాహ్నం అలుగుతుంది, గంటసేపు ఆపి మళ్లీ వెయ్యాలి, అని కనిపించింది. ఇంకోచోట, ఈ బోరుకు మంచి గుణం ఉంది, యజమానికే లేదు, అని ఉంది. అవి నా మాటలు. ఏ మాట ఏ ఎండాకాలంలో, ఎవరి మీద కోపంతో రాశానో కూడా చెప్పగలను. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. కోడలికి ఏమీ చెప్పలేదు, ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చేసరికే ఆ కథంతా ముగిసిపోయింది.

పిల్లలకు చెబితే ఇందులో అంత బాధపడేదేముంది అంటారు. నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని రాస్తున్నాను. కొంచెం అటూ ఇటూ పోతాను, ఓపిక పట్టండి.

మా ఆయనది మోటార్లు బాగుచేసే పని. రామన్నపేటలో బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల రేకుల షెడ్డు, ముందు భాగంలో వైండింగ్ బల్ల, వెనక మేముండే రెండు గదులు. కాలిన మోటారు విప్పడం, పాత రాగితీగ లాగేసి కొత్తది చుట్టడం, బోరులోంచి మోటారు ఎత్తడం, దించడం, ఇవన్నీ ఆయనకు కళ్లు మూసుకుని చేసేంత బాగా వచ్చు. ఎవరి బోరులో ఏముందో గుర్తుపెట్టుకోవడం మాత్రం చచ్చినా రాదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి నీళ్లు అంతంతమాత్రంగా ఉన్న బోరులో పెద్ద మోటారు దించి వచ్చాడు, అది వారం తిరక్కుండానే నీళ్లందక ఉత్తగా తిరిగి తిరిగి కాలి కూర్చుంది. రైతు వచ్చి షెడ్డు ముందు నిలబడి తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. ఆ సాయంత్రమే నేను ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం తెప్పించాను. పదో తరగతి దాకా చదివాను, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మా పంతులమ్మ మెచ్చుకునేది, ఆ ముత్యాలన్నీ చివరికి జనం బోర్ల పాలయ్యాయి.

మొదట్లో రైతు పేరు మీద రాశాను. అది ఎంత తెలివితక్కువ పనో ఏడాదిలో తెలిసిపోయింది. మన ఊళ్లలో తాత పేరు మనవళ్లందరికీ పెడతారు కదా, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఒకే పేరున్న మనుషులు నలుగురు తేలారు. పైగా అన్నదమ్ములు వేరు పడితే బోరు ఒకరి నుంచి ఇంకొకరికి పోతుంది, అమ్ముకుంటే మూడోవాడికి పోతుంది, నేను రాసిన పేరు గాల్లో వేలాడుతుంది. మనుషులు మారతారు గానీ చెల్క పేరు మారదని అప్పుడు తట్టింది. ఇక ఊరికొక పుస్తకం, పుస్తకంలో బోరుకొక పేజీ, పేజీ నెత్తిన చెల్క పేరు. బంతిరాళ్ల చెల్క, కుంట కింది మడి, నడిమి తునక, ఇట్లా. కింద మొత్తం ఎన్ని అడుగులు వేశారు, కేసింగు గొట్టం ఎంత దాకా దిగింది, తడి ఎక్కడ తగిలింది, నీళ్లు ఎక్కడ పడ్డాయి, ఏ మోటారు, ఎన్ని పైపులు, ఎప్పుడెప్పుడు ఎత్తాం, ఎందుకు ఎత్తాం. అన్నిటికంటే చివర ఆ బోరు గుణం గురించి రెండు ముక్కలు, అది నా సరదా. ఎండిపోయిన బోరు పేజీ చింపేదాన్ని కాదు, మూల మడిచి వదిలేదాన్ని, ఎందుకంటే ఎక్కడ నీళ్లు లేవో తెలియడం కూడా తెలియడమే. ఏ ఊరిదో దూరం నుంచే తెలిసేలా పుస్తకాలకు నా పాత జాకెట్ల గుడ్డలతో అట్టలు వేశాను. తిరుమలగిరి వైపు ఊళ్లకు నీలం, నల్గొండ రోడ్డు ఊళ్లకు ఆకుపచ్చ. ఎవరు నేర్పారు నీకు ఇదంతా అని మా బంధువులు ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. ఎవరు నేర్పుతారు, తిట్లు నేర్పాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది మన ప్రాంతం వాళ్లకు తెలిసిందే. మన దగ్గర మనిషి తన జబ్బు చెబుతాడు, ఇంట్లో కొట్లాట చెబుతాడు, తన బోరు సంగతి మాత్రం చస్తే నిజం చెప్పడు. లోతు నిజం చెబితే పక్కవాడు తెల్లారేసరికి బండి తెప్పించి పది బారల దూరంలో బోరు వేస్తాడు. నీళ్లు లేవని చెబితే పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోతారు. అందుకని ప్రతి బోరుకూ రెండు లోతులుండేవి, ఊరికి చెప్పేది ఒకటి, మోటారు మేస్త్రీకి చెప్పేది ఒకటి. మా షెడ్డులోకి వచ్చి, అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి నిజమైన అంకె చెప్పేవాళ్లు. నేను రాసుకునేదాన్ని. వాళ్లకు వాళ్ల పేజీ చూపించేటప్పుడు పక్క పేజీ మీద నా అరచెయ్యి పరిచేదాన్ని, పుస్తకం మూసేదాకా తీసేదాన్ని కాదు. మా ఆయన సొంత అన్న, అంటే మా బావగారు, ఒకసారి తన దాయాది బోరు లోతు ఎంతో చూడనివ్వమని అడిగితే చెయ్యి తియ్యలేదు. ఆ కోపంతో ఆయన ఏడాది పాటు మా గడప తొక్కలేదు, పండుగకు పిలిచినా రాలేదు. పోతే పోయాడు. ఊళ్లో మాత్రం ఆ ముచ్చట పాకింది, ఆమె మరిదికి చెప్పదు, బావకు చెప్పదు అని, ఆ తర్వాత నా పుస్తకాలకు ఇంకా ఎక్కువ మంది వచ్చారు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అట్లా వచ్చిన వాళ్లలో గొర్ల అవ్వ ఒకతె. మాకు చుట్టం కాదు, ఆమె గొర్లు కాసుకునే ఇంటి మనిషి, భర్త పోయాక ఒక్కతే కాపుదనం ఈడ్చుకొచ్చింది, అందరూ గొర్ల అవ్వ అంటే నేనూ అవ్వా అనేదాన్ని. మందలో సగం అమ్మి రెండెకరాల చెల్కలో బత్తాయి పెట్టింది. పాత బోరు అడుగంటింది. చెట్లు నాలుగేళ్ల వయసువి, కాపుకు వచ్చే ముందు ఎండిపోతే ఇక అంతే. అప్పుడామె ఏం చేసిందో తెలుసా, ఊళ్లో పెద్ద పెళ్లి ఉన్న రోజు చూసి, ఊరంతా పందిట్లో కూర్చుని తింటుండగా తమిళనాడు నుంచి వచ్చే అరవ బోరు బండిని తన చెల్కలోకి రప్పించింది. బ్యాండు మోతలో బోరు మోత ఎవరికీ వినబడలేదు. ఆరు వందల పది అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. ఇంకో ఇరవై అడుగులు వేయించి ఆపేసింది. మరునాడు ఎవరడిగినా రెండు వందల యాభైకే పడ్డాయి, పోచమ్మ తల్లి దయ అని చెప్పింది. ఆమె మరిది కొడుకుకు పక్కనే చెల్క, వాడు ఆ మాట నమ్మి రెండుసార్లు మూడు వందల దాకా వేసి రెండుసార్లూ దుమ్ము తిన్నాడు. అవ్వ నా దగ్గరికి వచ్చి నిజం అంకె రాయించి, వెళ్తూ వెళ్తూ నా గదవ పట్టుకుని, "బిడ్డా, గీ ముచ్చట నాకూ నీకూ ఆ దేవునికి ఎరుక. దేవుడన్న జెప్తడేమో గని నువ్వు జెప్పవు" అంది. నవ్వుకున్నాం ఇద్దరం.

ఇక మా తమ్ముడి సంగతి.

తెలంగాణ వచ్చాక రెండో ఏడాదో మూడో ఏడాదో, సరిగ్గా గుర్తులేదు, హైదరాబాదులో వాడు పనిచేసే కంప్యూటర్ల దుకాణం మూతపడింది. భార్య, ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు. అమ్మ పోయాక వాణ్ని కన్నకొడుకులా చూసుకున్నదాన్ని, వాడు ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడితే నాకు అన్నం దిగలేదు. రమ్మన్నాను. మా ఆయన కాదనలేదు, ఔననలేదు, ఆయనకు నా పుట్టింటి విషయాల్లో నోరు మెదిపే అలవాటు లేదు. వాడు పెళ్లాం పిల్లలతో, ఒక పాత కంప్యూటరు పట్టుకుని దిగాడు. వచ్చిన నాలుగో రోజే నా పుస్తకాల బీరువా ముందు నిలబడి, "అక్కా, గివన్నీ చెదలు వడితె ఏం జేస్తవ్? ఒక్క వాన పడ్డదంటె నీ ఇరవై ఏండ్ల పని నీళ్లల్ల పోతది" అన్నాడు. నిజమే కదా అనిపించింది. రేకుల షెడ్డు, ఎక్కడో ఒకచోట కురుస్తూనే ఉండేది. మా ఆయన మాత్రం వైండింగ్ బల్ల దగ్గరి నుంచి తల ఎత్తకుండా ఒకే ఒక్క మాట అన్నాడు: "అవి మన ముచ్చట్లు గావు. వాళ్లయి. జర సోంచాయించి జెయ్యి." నేను ఆయన మీద ఇంతెత్తున లేచాను. ఆలోచించడానికి ఏముంది, నా తమ్ముడి మీద నీకు అనుమానమా అని రెండు రోజులు మాట్లాడలేదు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వాడు మొదట రైతు పేరు మీద, అది కూడా ఇంగ్లీషు అక్షరాల వరసలో పెట్టాడు. నెల తిరక్కుండానే ఒకరి మోటారు ఇంకొకరి బోరుకు రాసి ఉంది, వేరుపడిన అన్నదమ్ములు కంప్యూటర్లో ఇంకా కలిసే ఉన్నారు. నేను ఇరవై ఏళ్ల కింద చేసిన తప్పే నువ్వూ చేశావు కదరా అని నవ్వాను. వాడూ నవ్వి, ఊరికొక అర, అరలో చెల్కకొక కాగితం, నా పద్ధతిలోనే మళ్లీ మొదటినుంచి కట్టాడు. కొత్తది, కొత్తది రెండు, అసలు కొత్తది, చివరిది, చివరి చివరిది అని ఒకే పుస్తకానికి అయిదు నకళ్లు తయారయితే ఏది నమ్మాలో తెలియక కొట్టుకునేవాళ్లం. చివరికి నేనే ఒక కట్టడి పెట్టాను, పాతదాన్ని వేరే అరలోకి తోసేయాలి, ముందు ఒక్కటే ఉండాలి, వారానికొకసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తాళాల డబ్బాలో పడేయాలి. వాడు ఇదంతా చదువుకున్నవాడు, నేను చెప్పాల్సి వచ్చింది.

ఆ నాలుగు నెలలు నా జీవితంలో మంచి రోజులని చెప్పక తప్పదు. రోజూ మధ్యాహ్నం తిన్నాక నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే వాడు టకటక కొట్టేవాడు. మధ్యలో మరదలు టీ పెట్టి ఇచ్చేది. ఒక్కో పేజీ చదువుతుంటే ఆ బోరు కథ, ఆ మనిషి కథ కూడా చెప్పేదాన్ని, వాడు పని ఆపి వినేవాడు. అంత శ్రద్ధగా నా మాటలు విన్న మనిషి నాకు ఇంకొకరు లేరు. ఎందుకు వింటున్నాడో నాకేం తెలుసు. గొర్ల అవ్వ పేజీ వచ్చినప్పుడు నేను ఆరు వందల డెబ్బై అని చదివాను. నా ఒకటి, ఏడు ఒక్కలాగే ఉంటాయి, కళ్లజోడు అప్పటికి పెట్టుకోలేదు. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది, డెబ్బై కాదు పది అని. పొద్దున లేవగానే పుస్తకంలో అంకె దిద్ది, కంప్యూటర్లో కూడా మార్చమని తమ్ముడికి చెప్పాను. సరే అక్కా అన్నాడు. మార్చలేదు. నేనూ మళ్లీ అడగలేదు. పుస్తకంలో ఒకటి, కంప్యూటర్లో ఒకటి, అట్లా రెండు లెక్కలు ఉండిపోయాయి.

ఇంకొకటి కూడా జరిగింది, అప్పుడది జరిగినట్టు కూడా నాకు తెలియలేదు. కంప్యూటరు పాడైనా ఎక్కడికీ పోకుండా ఆన్‌లైన్‌లో పెడదామని ఒక మెయిలు తెరిచాడు. అది ఫోను నంబరు అడిగింది. వాడు తన నంబరు ఇచ్చాడు. నాది ఇవ్వరా అనాలని కూడా నాకు తోచలేదు, అక్కాతమ్ముళ్ల మధ్య నీది నాది ఏముంటుంది.

ఇరవై నాలుగ్గంటలూ కరెంటు వస్తున్న రోజులు వచ్చాయి. మోటార్లు కాలడం తగ్గింది, మా పని పలచబడింది. తమ్ముడు ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు, స్టార్టర్లు అమ్ముతున్నానని చెప్పాడు. కొత్త మోటారుసైకిలు కొన్నాడు. నల్గొండలో ఏదో ఆఫీసు చూశాడని మరదలు నోరు జారి చెప్పింది. వాడు ఎదుగుతున్నాడని నేను మురిసిపోయాను, దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు కూడా. చూశారా ఎంత పిచ్చిదాన్నో.

ఒక వేసవిలో అవ్వ మరిది కొడుకు చెల్కలోకి బండి వచ్చింది. రెండుసార్లు మూడు వందలకే ఆపేసిన మనిషి ఈసారి ఎక్కడా ఆగలేదని చెప్పుకున్నారు. మూడు వందలు, నాలుగు వందలు, అయిదు వందలు, దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు, వాడు మాత్రం వెయ్యండి వెయ్యండి అంటూ తాపీగా బీడీ కాలుస్తున్నాడట. ఆరు వందల దగ్గర నీళ్లు పడ్డాయి. బండివాళ్లు ఆపబోతే వాడు ఒప్పుకోలేదు, ఆరు వందల డెబ్బైకి ఉన్నాయని ఏజెంటు చూపించాడు, అక్కడిదాకా పోవాల్సిందే అని పట్టుబట్టి దాన్ని దాటించి ఏడు వందల దాకా వేయించాడు. ఈ ముచ్చట మా ఆయన పని మీద ఆ ఊరికి పోయి విని వచ్చి, అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. ఆరు వందల డెబ్బై అన్న మాట వినగానే నోటిదాకా వచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాను. ఆ అంకె ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది. అవ్వకు తెలిసింది పది, నా పుస్తకంలో ఉన్నది పది, డెబ్బై అన్న తప్పు నేను చదివి నా తమ్ముడి చేత కొట్టించిన ఆ కంప్యూటర్లో మాత్రమే ఉంది.

తినే కంచం అట్లాగే వదిలేసి వాడి దగ్గరికి వెళ్లాను. వాడు పిల్లవాడి బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఎవరికిచ్చావురా అని అడిగాను, గొర్ల అవ్వ పేజీ ఎవరికిచ్చావు అని. అబద్ధమాడి ఉంటే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదేమో. వాడు బూటు కింద పెట్టి, నాకేదో పాఠం చెబుతున్నట్టు చెప్పాడు. "అక్కా, నేనొక్కని పేజీ ఇయ్యలే. లిస్టు మొత్తం ఇచ్చిన. బోరు బండి ఏజెన్సీల నాకు వాటా ఉంది, నీకు జెప్పలే గంతే. నీళ్లేమన్న ఎవ్వని సొత్తా? బీరువాల పెట్టి తాళమేసుకుంటె ఎవ్వలకు లాభం? గిప్పుడు లోకమంత గిట్లనే నడుస్తాంది." దాన్ని తీసెయ్యరా, నా కళ్ల ముందు తీసెయ్యి అన్నాను. ఆ మెయిలు తెరవాలంటే వాడి ఫోనుకే ఓటీపీ నంబరు వస్తుంది, నా ఇరవై ఏళ్ల రాతను చెరపాలన్నా నేను వాణ్ని బతిమాలాలి. వాడు నిట్టూర్చి, నా ఎదుటే తెరిచి తీసేశాడు. తీసేశాక అన్నాడు, "నీ తృప్తికి తీసిన అక్కా. అది ఇప్పటికే ఎందరి ఫోన్లల్ల ఉందో నాకే ఎరుకలేదు."

వాణ్ని కొట్టలేదు, తిట్టలేదు. తిట్లన్నీ నాకే తిట్టుకున్నాను. చేతులారా ఇచ్చింది నేనే, తప్పుగా చదివింది నేనే. పది అని సరిగ్గా చదివి ఉంటే అవ్వ మరిది కొడుకు బోరు అక్కడే ఆగేది, అవ్వకూ వాడికీ చెరిసగం నీళ్లుండేవేమో. నా కళ్లజోడు బద్ధకం వల్ల అది అవ్వ బోరు కంటే లోతుకు పోయి కింది నుంచి నీళ్లు లాగేసింది. నెలన్నర తిరిగేసరికి అవ్వ మోటారు గాలి కక్కింది. మా ఆయన వెళ్లి ఇంకో రెండు పైపులు దించి చూశాడు, అడుగు దాకా దించి చూశాడు. లేవు. తోటకు ట్యాంకరు పోయించింది, కొన్నాళ్లు. బత్తాయి ఆకులు ముడుచుకుని, కాయలు పచ్చివే రాలాయి.

అవ్వ ఒక రోజు పొద్దున్నే వచ్చింది. నేను వాకిలి ఊడుస్తున్నాను. చీపురు పడేసి ఎదురెళ్లాను. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని, గుండెలు బాదుకుంటుందని అనుకున్నాను, అదే జరిగితే బాగుండుననుకున్నాను. ఆమె అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగింది. తాగి, చెంబు బోర్లించి, "నా కాయితం నాకియ్యి బిడ్డా" అంది. అవ్వా నేను కాదు, మా తమ్ముడు, నాకు తెలియకుండా, అని ఏదేదో చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఎవలైతె ఏంది. నేను నీ తమ్మునికి జెప్పలే. నీకు జెప్పిన." అంతే అంది. ఆ ఒక్క మాటకు నేను ఇవాళ్టికీ జవాబు వెతుక్కుంటున్నాను. లోపలికి వెళ్లి ఆ ఊరి పుస్తకం తీసి, కుట్టు దగ్గర బ్లేడు పెట్టి ఆమె పేజీ కోసి ఇచ్చాను. అన్నేళ్లలో నేను కోసిన మొదటి పేజీ అది. ఆమెకు చదువు రాదు, అయినా రెండు వైపులా తిప్పి చూసుకుంది. కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా షెడ్డుకు రాలేదు. ఆ చెట్లు కొట్టేసి పొయ్యి కట్టెలకు ఇచ్చేసిందని, మిగిలిన గొర్లతో కూతురి ఊరికి వెళ్లిందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఎవరూ కొట్లాడలేదు, మర్యాదగానే అడిగారు. వదినా, మా పేజీ ఉంటే ఇయ్యరాదూ, పిల్లగాడు అడుగుతుండు అని ఒకాయన. చెల్లె, మా చెల్క అమ్ముతున్నం, కాయితాలు అన్నీ ఒక్కదగ్గర పెట్టుకుంటున్నం అని ఇంకొకాయన, ఆయన ఏ చెల్కా అమ్మలేదు. వాళ్ల పేజీ కోస్తుంటే పాత అలవాటు కొద్దీ పక్క పేజీ మీద చెయ్యి పెట్టేదాన్ని. ఒకతను అది చూసి నవ్వాడు. నవ్వులో చెడు లేదు గానీ ఆ రోజు నుంచి చెయ్యి పెట్టడం మానేశాను. రెండేళ్లలో పుస్తకాలు ఉత్త అట్టలయ్యాయి. ఎండిపోయిన బోర్ల పేజీలు మాత్రం మిగిలాయి, వాటిని ఎవరూ అడగలేదు.

తమ్ముడు నల్గొండలో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి పిలిచాడు, మా ఆయన వెళ్లి కట్నం చదివించి భోజనం చేయకుండా వచ్చాడు. మనిషి చెడ్డవాడని నేను అనను. నాకు జ్వరం వస్తే ముందు ఫోను చేసేది వాడే, దవాఖానకు కారు పంపేది వాడే. ఎత్తితే అక్కా అంటాడు, అదే గొంతు, అదే ప్రేమ. వాడు తప్పు చేశాడని వాడికి ఇప్పటికీ తెలియదు, నాకు బాధంతా అక్కడే. తెలిసి ఉంటే ఒకరోజు క్షమించమని అడిగేవాడు, నేను నాలుగు తిట్లు తిట్టి క్షమించేదాన్ని, అయిపోయేది. అడగనివాణ్ని ఎట్లా క్షమించడం?

ఇప్పుడు అన్నీ ఫోన్లలోనే ఉన్నాయి. నేను జాకెట్టు గుడ్డలతో అట్టలు వేసి వేరు చేసిన ఊళ్లు ఇప్పుడు వేలు తాకితే విడిపోతున్నాయి. చెదలు పట్టదు, వాన తడపదు, వాడు చెప్పింది నిజమే. పోయిన నెల ఒక పెద్దాయన మోటారు కాలిందని వచ్చాడు. పాతికేళ్ల ఖాతా మాది, ఆయన మొదటి బోరు వేసిన రోజు ప్రసాదం తెచ్చి పెట్టిన మనిషి. ఎన్ని పైపులున్నాయి అన్నా అని అడిగాను. మా ఆయనకు వయసు మీద పడింది, ఎక్కువ లోతైతే ఇద్దరు మనుషులను వెంట తీసుకుపోవాలి, అందుకడిగాను. ఆయన గొంతు తగ్గించలేదు, అటూ ఇటూ చూడలేదు, బల్ల మీదికి వంగలేదు. "పన్నెండే చెల్లె" అన్నాడు, గట్టిగా, బజార్లో మనిషికి చెప్పినట్టు. మా ఆయన ఒక్కడే వెళ్లాడు. ముప్పై రెండు వచ్చాయి. ఆ ఎండలో ముప్పై రెండు ఇనుప పైపులు ఎత్తి, దించి, రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఇంటికొచ్చి, చేతులు నీళ్లలో ముంచుకుని కూర్చుని, పెద్దాయన మీద ఒక్క మాట అనలేదు. నేను పసుపు, కొబ్బరినూనె తెచ్చి రాస్తూ ఎదురుగా కూర్చున్నాను. నాకు కోపం రావాలి, రాలేదు. నన్నడిగితే, ఆ పెద్దాయన జాగాలో నేనున్నా పన్నెండే చెప్పేదాన్ని.